పిల్లల్ని తీసుకెళ్లండి, వాళ్ల పడవ మాత్రం మీరెక్కకండి

"మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. మావారు ఏళ్ల తరబడి ఏరుల్లో ట్రౌట్ చేపలు పడుతున్నారు. ఇద్దరూ కలిసి సముద్రంలో ఫ్లై ఫిషింగ్‌కి (ఈకలూ దారంతో కట్టిన ఉత్తుత్తి ఎరని, అంటే ఫ్లైని, విసిరి చేపని పట్టడం) వెళ్తామంటున్నారు. ఈ వయసులో పంపొచ్చా?" అని అడిగారు. పంపండి. ఇంకో నాలుగేళ్లు ఆగితే రమ్మన్నా రాడు. నాకు అభ్యంతరమల్లా ఆ "ఇద్దరూ కలిసి" దగ్గరే.

రెండేళ్ల క్రితం పదిహేనేళ్ల మా వాడినీ, పదమూడేళ్ల మా అన్నయ్య కూతురినీ తీసుకుని అమెరికాలో ఫ్లోరిడా కీస్ దీవుల్లోని ఇస్లామొరాడా వెళ్లాం. వదిన కూడా వచ్చింది. ఆ పడవలు చిన్నవి, గైడు కాక ఇద్దరే పడతారు. మొదటి రోజు నేనూ మా వాడూ ఎక్కాం.

వాడు ముందు కొసన నిలబడ్డాడు. గైడు వెనక మోటారు మీదుండే అరుగెక్కి, పొడుగాటి గడతో చప్పుడు లేకుండా నెడుతున్నాడు. మోకాల్లోతు నీళ్లు. పడవ ముక్కు పన్నెండు గంటలు అనుకోవాలి, అక్కణ్ణుంచి లెక్క. "పదిన్నర. యాభై అడుగులు. ఎడమకి పోతోంది" అన్నాడు. మేం పట్టాలనుకున్న బోన్‌ఫిష్ అనే చేపకి ఒళ్లంతా అద్దమే. ముందు కనబడేది చేప కాదు, ఇసుక మీద దాని నీడ. నాకు నీడా కనబడలేదు. అయినా "అదిగో, అదిగోరా!" అని చెయ్యి చాపి మరీ చూపించాను. నేను చూపించింది నాచు.

నాలుగోసారి చేప ముప్పై అడుగుల్లోకి వచ్చింది. వాడు విసిరిన ఫ్లై సరిగ్గా దాని ముందు పడింది. (క్రేజీ చార్లీ అంటారు దాన్ని, బహమాస్‌లోని ఆండ్రోస్‌లో చార్లీ స్మిత్ అనే గైడు పేరు మీద వచ్చింది.) చేప ఫ్లైని అందుకోడానికి తల కిందికి వంచింది, తోక నీళ్ల పైకి లేచింది. నా నోరు ఊరుకుందా? "లేపు, లేపు!" అని అరిచాను. వాడు రాడ్డు లేపేశాడు. ట్రౌట్‌కైతే అదే పద్ధతి. ఇక్కడ ముల్లు గుచ్చుకోవాలంటే రాడ్డు నీటి వైపే ఉంచి, రెండో చేత్తో లైను గట్టిగా వెనక్కి గుంజాలి. పొద్దున్నే గైడు ఇరవై సార్లు చెప్పాడు, వాడు సరేనన్నాడు కూడా. ఫ్లై గాల్లోకి ఎగిరొచ్చింది, చేప ఎటు పోయిందో తెలీదు. గైడు ఏమీ అనకుండా నీళ్ల సీసా మూత తీశాడు. మా వాడు వెనక్కి తిరిగి, "నాన్నా, నువ్వు కాసేపు విసురు" అన్నాడు.

విసిరాను. చెప్పుల్లేకుండా నిలబడితే లైను కాలికింద పడ్డప్పుడు తెలుస్తుందని గైడు ముందే చెప్పాడు. పాదాలు మాడతాయని నేను బూట్లు విప్పలేదు. చేప ఎదురుగా వస్తోంది, ఊపుగా విసిరాను, లైను సగంలో ఆగి ఫ్లై నా టోపీకి తగిలింది. మా వాడు నవ్వలేదు. వంగి, నా బూటు కిందనుంచి లైను లాగి పక్కన పెట్టాడు.

రెండో రోజు పిల్లలిద్దర్నే పంపాను. ముక్కూ మొహం తెలియని మనిషితో సముద్రంలోకా అని వదిన గొడవ. కోస్ట్ గార్డు లైసెన్సున్న కెప్టెన్ అనీ, లైఫ్ జాకెట్లుంటాయనీ చెప్పినా వినలేదు. ఆయనతో అరగంట మాట్లాడాకే ఒప్పుకుంది.

చేప పట్టింది మా అన్నయ్య కూతురు. అది జన్మలో ట్రౌట్ పట్టలేదు, రాడ్డు లేపే రోగం దానికి అంటలేదు. ఈ ఆటకి ఏమీ రానివాళ్లే నయం, ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను. చేప లాగిన లాగుడికి రీలు మీది అసలు లైనంతా పోయి వెనకున్న సన్న దారం కూడా సగం పోయిందని చెప్పింది. సాయంత్రానికి ఆరుసార్లు చెప్పింది, చెప్పినప్పుడల్లా దారం ఇంకాస్త పోయింది. ఫొటో ఏదని వదిన అడిగితే ఒక తడి చెయ్యి, ఒక తోక చూపించారు. దగ్గర్లో సొరచేప తిరుగుతోందని గైడు చేపని నీళ్లలోంచి తియ్యనివ్వలేదట. మంచి పని చేశాడు. ఫ్లోరిడాలో బోన్‌ఫిష్‌ని ఎలాగూ వదిలేయాల్సిందే, నలభై అంగుళాలు దాటిన టార్పన్ అనే పెద్ద చేపనైతే నీళ్లలోంచి ఎత్తనే కూడదు. అయినా గుండెలకి హత్తుకుని పళ్లికిలించే ఫొటోలకి లోటు లేదు. అలసిపోయిన చేపని అలా నిమిషం పట్టుకుని వదిలితే సొరచేపకి వడ్డించినట్టే.

సామాను సంగతీ చెప్తాను, ఎందుకంటే మీవారు ఈపాటికే కొట్టు మీద పడుంటారు. బోన్‌ఫిష్‌కి తొమ్మిదడుగుల ఎనిమిదో నంబరు రాడ్డు ఒకటి, రెండు వందల గజాల వెనక దారం పట్టే రీలు ఒకటి చాలు. రాడ్డు కంటే ముందు పిల్లాడికి గోధుమరంగు పోలరైజ్డ్ కళ్లజోడు కొనండి. అది లేకపోతే వాడికీ నాలాగే నాచే కనబడుతుంది. వెళ్లేముందు ఓ నెలరోజులు మైదానంలో, గాలి ఉన్న పూటే, నలభై అడుగుల దూరంలో పళ్లెం పెట్టి విసిరించండి. గాలి లేని పూట ఎవడైనా విసురుతాడు. పదహారేళ్ల లోపు వాళ్లకి ఫ్లోరిడాలో చేపలు పట్టే లైసెన్సు అక్కర్లేదు.

మూడో రోజూ వాళ్లిద్దరే వెళ్లారు. నేను ఒడ్డున మోకాల్లోతు నీళ్లలో, ముళ్లతోక టేకుచేపల మీద కాలు పడకుండా పాదాలు ఈడ్చుకుంటూ ఒక్కణ్ణీ తిరిగాను. మధ్యాహ్నం దూరంగా వాళ్ల పడవ కనబడింది. కొసన మా వాడు. చెయ్యి విసిరాడు, ఆగాడు, కొంచెం వంగాడు. అంత దూరం నుంచి కూడా "లేపకురా!" అని అరిచాను. వినపడలేదు లెండి.