ఫొటోల సవరణకు తక్కువ ఖర్చులో ఎలాంటి మానిటర్ కొనాలి?

ప్రశ్న: ఫొటోలు తీయడం, వాటిని కంప్యూటర్‌లో దిద్దుకోవడం నాకు అభిరుచి. ఇంతకాలం ల్యాప్‌టాప్ తెర మీదే ఆ పని చేస్తున్నాను. అందులో చక్కగా కుదిరిందనుకున్న ఫొటో ఫోన్‌లో చూస్తే రంగులు మరీ గాఢంగా, ల్యాబ్‌లో ప్రింట్ వేయిస్తే చీకటిగా కనిపిస్తోంది. విడిగా ఒక మానిటర్ కొనాలనుకుంటున్నాను గాని, వృత్తి నిపుణులు వాడే ఖరీదైనవి కొనే స్తోమత లేదు. ఐపీఎస్, హెచ్‌డీఆర్, 99 శాతం ఎస్‌ఆర్‌జీబీ, డెల్టా ఈ అంటూ ప్రకటనల్లో కనిపించే మాటల్లో దేన్ని పట్టించుకోవాలి, దేన్ని వదిలేయవచ్చు?

జవాబు: మీరు చెప్పిన రెండు ఇబ్బందులకూ కారణాలు వేరు. ప్రింట్లు చీకటిగా రావడానికి మానిటర్ నాణ్యతతో పెద్దగా సంబంధం లేదు, కొత్తది కొన్నా ఆ ఇబ్బంది మీ వెంటే రావచ్చు. అందుకే ముందుగా దాని సంగతి చూద్దాం.

తెర తానే వెలుగునిస్తుంది, కాగితం తన మీద పడిన వెలుగులో కొంత భాగాన్ని మాత్రమే తిరిగి పంపుతుంది. చాలా మానిటర్లు పెట్టెలోంచి తీసినప్పుడు 250 నుంచి 350 నిట్ల (నిట్ అంటే తెర వెలుగును కొలిచే ప్రమాణం) వరకు వెలుగుతో ఉంటాయి. ఫొటోల సవరణకు మామూలుగా సూచించే వెలుగు 80 నుంచి 120 నిట్లు మాత్రమే. తెర మూడింతల వెలుగుతో ఉంటే ఫొటో కూడా కావలసినదానికన్నా ఎక్కువ వెలుగుతో ఉన్నట్టు కంటికి తోచి, మనకు తెలియకుండానే ఫొటో వెలుగును తగ్గించి దిద్దుతాం. అలా తగ్గించిన ఫొటోనే ల్యాబ్ నిజాయతీగా అచ్చు వేసి ఇస్తుంది. పరికరమేదీ లేకపోయినా దీన్ని చాలావరకు సరిచేసుకోవచ్చు. మీరు ప్రింట్లను చూసే దీపం కింద ఒక తెల్ల కాగితం ఉంచి, తెర మీద ఖాళీ తెల్ల పేజీని తెరిచి, రెండింటి తెలుపూ దాదాపు ఒకే స్థాయిలో కనిపించేవరకు తెర వెలుగు తగ్గించండి. మొదటి రోజు తెర మసకబారినట్టు అనిపిస్తుంది గాని, కళ్లు త్వరగానే అలవాటు పడతాయి. ఇది ఇప్పుడున్న ల్యాప్‌టాప్ మీదే ఈ రోజే చేసి చూడవచ్చు.

ఇక ఫోన్‌లో రంగులు గాఢంగా కనిపించే సంగతి. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని రాసి ఉండే తెరలు ఎక్కువ. ఎన్‌టీఎస్‌సీ అనేది 1953లో అమెరికాలో రంగుల టెలివిజన్ కోసం నిర్ణయించిన రంగుల పరిధి. నేటి ఫొటోలకు ఆధారమైన ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల పరిధి వైశాల్యం అందులో సుమారు 72 శాతం. అంటే 45 శాతం తెర ఎస్‌ఆర్‌జీబీలోని రంగుల్లో మూడో వంతుకు పైగా చూపించనే లేదు. అలాంటి తెర మీద ఎరుపు వెలిసిపోయినట్టుంటే దిద్దేవారు సహజంగానే రంగుల గాఢత పెంచుతారు, ఆ ఫొటో మంచి తెర మీదకు వెళ్లగానే కంటికి కొడుతుంది. చాలా ఫోన్లు మొదటి నుంచే రంగులను అతిగా చూపించే అమరికలో ఉంటాయన్నదీ గుర్తుంచుకోవాలి. సరిపోల్చే ముందు ఫోన్ తెరను సహజ రంగుల అమరికకు మార్చండి.

కాబట్టి మానిటర్‌లో మొదట చూడవలసింది ఎస్‌ఆర్‌జీబీని పూర్తిగా చూపగలదా అన్నదే. ఈ ప్రమాణాన్ని 1996లో హ్యూలెట్ ప్యాకార్డ్, మైక్రోసాఫ్ట్ సంస్థలు ప్రతిపాదించగా, అది 1999లో అంతర్జాతీయ ప్రమాణమైంది. ఇంటర్నెట్‌లో చూసే ఫొటోలకు నేటికీ అదే ఆధారం, చాలా ప్రింటింగ్ ల్యాబ్‌లు కోరేదీ అదే. ప్రకటనలో ‘99 శాతం ఎస్‌ఆర్‌జీబీ కవరేజ్’ అని ఉంటే సంతోషించవచ్చు. ‘125 శాతం ఎస్‌ఆర్‌జీబీ’ అని ఉంటే మాత్రం ఆగి ఆలోచించాలి, ఎందుకంటే అది వైశాల్యాల పోలిక. రంగుల పరిధిని బొమ్మగా గీస్తే త్రిభుజంలా ఉంటుంది. ఒక త్రిభుజం రెండో త్రిభుజం కన్నా పెద్దదైనా దాన్ని పూర్తిగా కప్పకుండా ఒక పక్కకు జరిగి ఉండవచ్చు. మనకు కావలసింది కప్పిన భాగం.

ఈ మధ్య మధ్యతరగతి ధరల్లోనే, సినిమాల కోసం రూపొందిన, ఎస్‌ఆర్‌జీబీ కన్నా విశాలమైన డీసీఐ-పీ3 పరిధిలో 95 శాతం చూపే మానిటర్లు వస్తున్నాయి. అవి చెడ్డవి కావు, కానీ రంగుల నిర్వహణ (ఫొటోలోని రంగులను తెరకు తగ్గట్టు సరిచేసి చూపడం) తెలియని సాఫ్ట్‌వేర్‌లలో మామూలు ఫొటోలు కూడా వాటి మీద ముదురు రంగుల్లో కనిపిస్తాయి. అందుచేత అలాంటిది కొంటే మెనూలో ఎస్‌ఆర్‌జీబీ మోడ్ ఉందో లేదో, ఆ మోడ్‌లో వెలుగు తగ్గించుకునే వీలుందో లేదో కూడా కనుక్కోండి. కొన్ని మానిటర్లలో ఆ మోడ్ ఎంచుకోగానే వెలుగు మార్చే మీట పనిచేయదు, మన అవసరానికి అది పెద్ద లోపమే. 1998 నాటి అడోబ్ ఆర్‌జీబీ పరిధి ఆకుపచ్చ, నీలి ఆకుపచ్చ రంగుల వైపు మరింత విస్తరించి ఉంటుంది. సొంతంగా మేలురకం ఇంక్‌జెట్ ప్రింటర్ మీద అచ్చు వేసుకునేవారికి అది పనికొస్తుంది. ల్యాబ్‌కు ఎస్‌ఆర్‌జీబీ ఫైలు పంపేవారు దాని కోసం డబ్బు పెట్టడం దండగ.

ప్యానెల్ (బొమ్మను చూపే తెర పలక) విషయంలో ఎక్కువ ఆలోచించనక్కర్లేదు, ఉన్న రకాల్లో ఐపీఎస్ తీసుకోండి. టీఎన్ రకం ప్యానెల్‌లో తల కాస్త పైకో కిందికో కదిపితే రంగులు మారిపోతాయి. వీఏ రకం ప్యానెల్‌లో నలుపు ఎంతో గాఢంగా, సుమారు 3000:1 కాంట్రాస్ట్‌తో (తెలుపు వెలుగుకూ నలుపు వెలుగుకూ ఉన్న నిష్పత్తి) ఉంటుంది కాబట్టి సినిమాలు చూడటానికి బాగుంటుంది గాని, చూసే కోణాన్ని బట్టి నీడల్లోని వివరాలు మారుతూ ఉంటాయి, ఫొటో దిద్దేటప్పుడు సరిగ్గా ఆ వివరాలే ముఖ్యం. ఐపీఎస్‌లో కాంట్రాస్ట్ 1000:1 చుట్టుపక్కల ఉంటుంది, చీకటి గదిలో మూలలు కాస్త తేలిపోయినట్టు కనిపిస్తాయి. ఈ ధరలో ఆ లోపాన్ని భరించవచ్చు.

ఒక్కో రంగుకు 8 బిట్లు, అంటే 256 స్థాయిలు, మొత్తం 1,67,77,216 రంగులు ఉంటే చాలు, జేపెగ్ ఫైలులో ఉండేదీ అంతే. చౌక ప్యానెళ్లు కొన్ని 6 బిట్లతోనే పనిచేస్తూ, పక్కపక్క స్థాయిలను వేగంగా మార్చి మార్చి చూపి మిగతా రంగులు ఉన్నాయన్న భ్రమ కలిగిస్తాయి. ఆకాశం వంటి నున్నని రంగుల మార్పులో చారలు కనిపించడానికి అదొక కారణం.

పరిమాణం, రిజల్యూషన్ రెండూ కలిపి చూడాలి. 24 అంగుళాల తెర మీద 1920×1080 ఉంటే అంగుళానికి సుమారు 92 పిక్సెళ్లు వస్తాయి, పని సాగుతుంది. అదే రిజల్యూషన్‌ను 27 అంగుళాలకు సాగదీస్తే 82కు పడిపోయి అక్షరాలు మొరటుగా కనిపిస్తాయి, అది వద్దు. 27 అంగుళాలకు 2560×1440 బాగా కుదురుతుంది, అంగుళానికి సుమారు 109 పిక్సెళ్లు. తక్కువ ఖర్చులో నేను ముందుగా సూచించేది ఇదే. 27 అంగుళాల 4కే తెర మీద ఆ సంఖ్య 163 దాకా వెళ్తుంది, ఫొటో ఎంతో అందంగా కనిపిస్తుంది. కాకపోతే 100 శాతం పరిమాణంలో చూసినా పిక్సెళ్లు మరీ చిన్నవిగా ఉండటంతో, పదును ఎంత పెంచామో అంచనా తప్పి కొందరు అతిగా పెంచేస్తారు. అక్కడ 200 శాతంలో చూసి నిర్ణయించుకోవడం మేలు.

డెల్టా ఈ అంటే చూపవలసిన రంగుకూ తెర నిజంగా చూపిన రంగుకూ మధ్య తేడా. సగటున 2 కన్నా తక్కువైతే మామూలు కంటికి ఆ తేడా దాదాపు అందదు. అయితే సగటు బాగుండి, ఏదో ఒక రంగులో తేడా 5 దాటి ఉండవచ్చు, ప్రకటనలో ఆ సంఖ్య కనిపించదు. పైగా ఫ్యాక్టరీలో కొలిచిన రోజున ఉన్న తెర రెండేళ్ల తరవాత అలాగే ఉండదు. అందుకే నా సలహా ఏమిటంటే, మీ దగ్గరున్న డబ్బంతా మానిటర్ మీదే పెట్టకుండా, కొంత భాగాన్ని కలరిమీటర్ అనే కొలత పరికరం కోసం పక్కన పెట్టండి. కొలిచి సరిచేసిన మధ్యరకం ఐపీఎస్ తెర, సరిచేయని ఖరీదైన తెర కన్నా నమ్మదగినది. ఈ పరికరం రోజూ అవసరపడేది కాదు కాబట్టి నలుగురు మిత్రులు కలిసి కొనుక్కున్నా సరిపోతుంది. దాన్ని నడపడానికి ఆర్గిల్‌సీఎంఎస్, దాని మీద ఆధారపడిన డిస్‌ప్లేక్యాల్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి. తెర వెలిగించి అరగంట గడిచాక, గదిలో తెర మీద నేరుగా వెలుగు పడకుండా చూసుకుని, తెలుపు 6500 కెల్విన్ (తెలుపు పసుపు వైపుందా, నీలం వైపుందా చెప్పే కొలత), గామా (మధ్యస్థాయి ఛాయలు ఎంత వెలుగుతో కనిపించాలో నిర్ణయించే సంఖ్య) 2.2, వెలుగు 100 నిట్లు లక్ష్యంగా పెట్టి కొలవండి. వెలుగు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం మీటలను ముందు మానిటర్ మెనూలోనే వీలైనంత సరిచేసి, మిగిలిన కొద్ది తేడాను సాఫ్ట్‌వేర్‌కు వదిలేయాలి. అది తయారుచేసే ప్రొఫైల్ (ఆ తెర రంగులను ఎలా చూపుతుందో చెప్పే ఫైలు) ఆ ఒక్క తెరకే చెందుతుంది, అదే మోడల్ కదా అని ఇంకెవరి ప్రొఫైల్‌నో దించుకుని వాడితే ఒక్కోసారి ఉన్నదీ చెడుతుంది. ఒకటి రెండు నెలలకోసారి మళ్లీ కొలిస్తే చాలు.

వదిలేయవలసినవి చాలా ఉన్నాయి. ఒక మిల్లీసెకను స్పందన, 144 హెర్ట్జ్ వేగం ఆటలాడేవారి కోసం. వంపు తిరిగిన తెర మీద భవనాల గీతలు నిటారుగా ఉన్నాయో లేదో తేల్చుకోవడం కష్టం. హెచ్‌డీఆర్ అంటే మరీ వెలుగు, మరీ చీకటి భాగాలను ఒకేసారి వివరంగా చూపే పద్ధతి. ఆ పేరుతో వచ్చే డిస్‌ప్లేహెచ్‌డీఆర్ 400 గుర్తుకు కావలసింది ముఖ్యంగా 400 నిట్ల గరిష్ఠ వెలుగు. తెరలోని భాగాలను విడివిడిగా మసకబరిచే ఏర్పాటు దానికి తప్పనిసరి కాదు కాబట్టి దాని వల్ల మీకు ఒరిగేది ఏమీ లేదు. కొన్నాక డైనమిక్ కాంట్రాస్ట్ (బొమ్మను బట్టి వెలుగును తనంతట మార్చే అమరిక), రాత్రిపూట నీలి వెలుగు తగ్గించే అమరిక, గదిని బట్టి తనంతట మారే వెలుగు, ఈ మూడింటినీ ఆపేయండి.

చౌక మానిటర్ నిజంగా ఎక్కడ వెనకబడుతుందంటే, తెర అంతటా వెలుగు, రంగు ఒకేలా ఉండటంలో. ఖరీదైన మానిటర్లకు పెట్టే డబ్బులో చెప్పుకోదగిన భాగం దీనికే పోతుంది. అదే మోడల్‌లో ఒక తెరకూ ఇంకో తెరకూ కూడా తేడా ఉంటుంది కాబట్టి, తిరిగి ఇచ్చే గడువు ఉన్న చోటే కొని, ఇంటికి రాగానే తెర నిండా లేత బూడిద రంగు నింపి చూడండి. ఒక పక్క గులాబీ ఛాయ, మరో పక్క ఆకుపచ్చ ఛాయ స్పష్టంగా కనిపిస్తే మొహమాట పడకుండా మార్చుకోండి. నలుపు నుంచి తెలుపు వరకు క్రమంగా మారే బొమ్మ తెరిచి, మధ్యలో చారలు గాని, రంగు ఛాయలు గాని ఉన్నాయేమో కూడా చూడాలి.

ప్రశ్న: కొత్త చౌక మానిటర్‌కు బదులు, వృత్తి నిపుణులు వాడి అమ్మేసిన పాత మానిటర్ కొనడం మంచిదేనా?

జవాబు: వయసును బట్టి ఉంటుంది. పాత మోడళ్లలో తెర వెనక సన్నని ఫ్లోరోసెంట్ దీపాలు ఉండేవి. అవి వాడేకొద్దీ మసకబారి, తెలుపు పసుపు వైపు జరుగుతుంది, అలాంటివి ఎంత పేరున్నవైనా ఇప్పుడు కొనవద్దు. ఎల్ఈడీ దీపాలున్నదైతే ఆలోచించవచ్చు. నిపుణుల కోసం చేసిన మానిటర్లు చాలావాటిలో ఎన్ని గంటలు పనిచేసిందో మెనూలోనే కనిపిస్తుంది, ఆ సంఖ్య చూపించమని అడగండి. బాగా వేడెక్కాక కూడా 120 నిట్ల వెలుగు హాయిగా అందుకుంటూ, తెలుపు 6500 కెల్విన్ దగ్గర నిలబడితే అది మంచి బేరమే. పైగా వాటిలో కొన్ని 1920×1200 రిజల్యూషన్‌తో, నిలువున కాస్త ఎక్కువ చోటుతో ఉంటాయి.

ప్రశ్న: కొత్త ఐపీఎస్ మానిటర్‌ను హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపాను. ల్యాప్‌టాప్ తెర కన్నా నలుపు వెలిసిపోయి, ఫొటో మీద పలచని పొగ కమ్మినట్టు ఉంది. ప్యానెల్ లోపమా?

జవాబు: తిరిగి పంపే ముందు ఒక అమరిక చూడండి. హెచ్‌డీఎంఐలో కంప్యూటర్ కొన్నిసార్లు అవతల ఉన్నది టెలివిజన్ అనుకుని 0 నుంచి 255 వరకు ఉండవలసిన స్థాయిలను 16 నుంచి 235 మధ్యకు కుదించి పంపుతుంది. మానిటర్ 16వ స్థాయిని నలుపుగా గుర్తించకపోతే బూడిద రంగుగా చూపిస్తుంది. గ్రాఫిక్స్ కార్డు అమరికల్లో అవుట్‌పుట్ రేంజ్‌ను ఫుల్‌గా మార్చి, మానిటర్ మెనూలో ఇలాంటి అమరికే ఉంటే దాన్ని కూడా దానికి సరిపడేలా పెట్టండి. రెండు చోట్లా ఒకేలా లేకపోతే ఈసారి నీడలన్నీ కలిసిపోయి నల్లని ముద్దగా కనిపిస్తాయి. డిస్‌ప్లేపోర్ట్ ఉంటే ఆ కేబుల్ వాడి చూడండి, దానిలో ఈ ఇబ్బంది తక్కువ. ఇంతకుముందే తెరను కొలిచి ప్రొఫైల్ తయారుచేసుకుని ఉంటే, ఈ మార్పు తరవాత దాన్ని తీసేసి మళ్లీ కొలవాలి.