డాక్టర్ సలహా: ప్రొస్టేట్ క్యాన్సర్ తొలి దశలో విటమిన్ మాత్రలు పనికొస్తాయా?

ప్రశ్న: నా వయసు 63. రక్తపరీక్షలో పీఎస్ఏ (ప్రొస్టేట్ నుంచి వచ్చే ఒక ప్రొటీన్) 6.4 వచ్చింది. బయాప్సీ చేసి, ప్రొస్టేట్ క్యాన్సర్ తొలి దశలో ఉంది, గ్లీసన్ స్కోరు (క్యాన్సర్ కణాలు ఎంత దూకుడుగా ఉన్నాయో చెప్పే లెక్క) 6 అన్నారు. ఇప్పుడే ఆపరేషన్, రేడియేషన్ అక్కర్లేదట, క్రమం తప్పకుండా పరీక్షలు చేయించుకుంటే చాలట. కానీ చేతులు కట్టుకుని కూర్చోవడం నా వల్ల కావడం లేదు. మా అబ్బాయి విటమిన్ ఇ, సెలీనియం, జింక్ మాత్రలు తెచ్చిచ్చాడు. వాడొచ్చా? ఏం తింటే ఇది ముదరకుండా ఉంటుంది?
- ఒక పాఠకుడు

జవాబు: మీ టెన్షన్ నాకు అర్థమవుతోంది. క్యాన్సర్ అన్న మాట విన్నాక ఊరికే ఉండమంటే ఎవరికైనా కష్టమే. అయితే మిమ్మల్ని ఊరికే వదిలేయలేదు. గ్లీసన్ 6 చాలా నెమ్మదిగా పెరిగే రకం. బ్రిటన్‌లో జరిగిన ప్రొటెక్ట్ అధ్యయనంలో, ప్రొస్టేట్ దాటి పాకని క్యాన్సర్ ఉన్న 1,643 మందిలో కొందరికి ఆపరేషన్, కొందరికి రేడియేషన్ చేశారు, మిగతావాళ్లను పరీక్షలతో గమనిస్తూ వచ్చారు. సుమారు 15 ఏళ్ల తర్వాత చూస్తే, మూడింటిలో దేన్ని తీసుకున్నా ఈ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు నూటికి ముగ్గురే. కాబట్టి గమనిస్తూ ఉండటం కూడా వైద్యమే.

ఇక మాత్రల సంగతి. ఆ విటమిన్ ఇ సీసా వెనక చిన్న అక్షరాల్లో ఏముందో ఒకసారి చదవండి. చాలా సీసాల మీద 400 ఐయూ (విటమిన్ మోతాదును కొలిచే ప్రమాణం) అని ఉంటుంది. సరిగ్గా ఆ మోతాదునే 2001లో మొదలైన సెలెక్ట్ పరిశోధనలో వాడి చూశారు. అందులో 35 వేల మందికి పైగా మగవాళ్లు చేరారు. విటమిన్ ఇ, సెలీనియం ప్రొస్టేట్ క్యాన్సర్ రాకుండా ఆపుతాయేమోనన్నది ఆశ. ఫలితం కనిపించక 2008లో మాత్రలు ఆపించేశారు. 2011లో లెక్క తేల్చితే, ఉత్త విటమిన్ ఇ వేసుకున్నవాళ్లలో ఈ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా వచ్చింది! సెలీనియంతో లాభం లేదు సరికదా, ఒంట్లో అది ముందే తగినంత ఉన్నవాళ్లలో తీవ్రమైన రకం క్యాన్సర్ ముప్పు పెరిగింది. వాళ్లంతా చేరేనాటికి క్యాన్సర్ లేనివాళ్లే, నిజమే. కానీ లేనివాళ్లకే చేటు చేసినదాన్ని ఉన్న మీకు వాడమని నేను చెప్పలేను. జింక్ కూడా అంతే. లోపం ఉందని పరీక్షలో తేలితే తప్ప వద్దు.

'మూలికలే కదా, ఏం చేస్తాయి?' అని కూడా అనుకోవద్దు. పీసీ-స్పెస్ అనే మూలికల మందు ఒకప్పుడు ప్రొస్టేట్ రోగుల్లో బాగా పేరు తెచ్చుకుంది. పరీక్షిస్తే అందులో రక్తాన్ని పలచబరిచే వార్ఫరిన్, ఈస్ట్రోజన్ (ఆడ హార్మోన్) తరహా మందు బయటపడ్డాయి. 2002లో మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు.

తిండి విషయంలోనూ ఉన్నమాటే చెబుతాను. మీలాగే పరీక్షలతో గమనిస్తూ ఉన్న 478 మందితో మీల్ అనే అధ్యయనం చేశారు. వాళ్లలో సగం మందికి కూరగాయలు బాగా పెంచమని రెండేళ్లు సలహాలిచ్చారు. వాళ్లు పెంచారు కూడా. అయినా క్యాన్సర్ ముదరడంలో తేడా రాలేదు. టమాటాకు ఎరుపు రంగునిచ్చే లైకోపీన్, టమాటాను ఉడికించి, కాస్త నూనె తగిలితే ఒంటికి బాగా పడుతుంది. కూరగా హాయిగా తినండి, కానీ దాన్ని మందు అనుకోవద్దు.

మరి కూరగాయలు, పప్పులు, పండ్లు, ముడి ధాన్యాలు, చేపలు ఎందుకు తినమంటున్నానంటే, మీ గుండె కోసం. తొలి దశ ప్రొస్టేట్ క్యాన్సర్ ఉన్న చాలామంది ప్రాణం తీసేది ఆ క్యాన్సర్ కాదు, గుండెజబ్బు. వేపుళ్లు, ప్రాసెస్ చేసిన మాంసం తగ్గించండి. పొట్ట చుట్టుకొలత మీద ఓ కన్నేసి ఉంచండి. సిగరెట్ అలవాటుంటే ఈ రోజే మానేయండి, ఎందుకంటే పొగ తాగేవాళ్లలో ఈ క్యాన్సర్ తిరగబెట్టడమూ, ప్రాణం తీయడమూ ఎక్కువ. రోజూ అరగంట చురుగ్గా, కాస్త చెమట పట్టేలా నడవండి. మీరు ఏదో ఒకటి చేయాలనుకుంటున్నారు కదా, అది ఇదే. అబ్బాయి ప్రేమతోనే ఆ మాత్రలు తెచ్చాడు, కోప్పడకండి. నడకకు తోడు రమ్మనండి.

మున్ముందు హార్మోన్ ఇంజెక్షన్లు అవసరమైతే ఎముకలు పలచబడతాయి. అప్పుడు కాల్షియం, విటమిన్ డి ఎంత కావాలో మీ డాక్టరే రాస్తారు. ఆపరేషన్ అనుకుంటే చేపనూనె, వెల్లుల్లి మాత్రల్లాంటివి ఏం వాడుతున్నా ముందే చెప్పాలి, రక్తస్రావం పెరగొచ్చు.

ఈసారి పీఎస్ఏ పరీక్షకు వెళ్లేటప్పుడు ఒక జాగ్రత్త. జుట్టు, గోళ్ల కోసమని అమ్మే మాత్రల్లో బయోటిన్ అనే విటమిన్ ఎక్కువ మోతాదులో ఉంటుంది. కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో అది పీఎస్ఏను ఉన్నదానికంటే తక్కువగా చూపించగలదు. అలాంటివి వాడుతుంటే ఎన్ని రోజుల ముందు ఆపాలో మీ డాక్టర్‌ను అడగండి. పరీక్షకు ముందు రెండు రోజులు సైకిల్ తొక్కడం, లైంగిక చర్య మానండి, వాటివల్ల పీఎస్ఏ పెరిగినట్టు కనిపిస్తుంది. మూత్రంలో మంట ఉంటే ఆ సంగతి కూడా ముందే చెప్పండి.