మేము చెన్నైలో, పిల్లలు పలాస దగ్గర నాన్నమ్మతో: ఫోన్ వాడకాన్ని అదుపు చేసేదెలా?

మీ ప్రశ్నలో ఉన్నది ఇదీ: ఇద్దరూ చెన్నైలో పనిలో ఉన్నారు, ఆరు, తొమ్మిది చదివే పిల్లలు పలాస దగ్గర ఊళ్లో మీ అమ్మగారితో ఉంటున్నారు, ఆవిడకు ఫోన్ ఎత్తడం, పెట్టడం మాత్రమే తెలుసు, ఏ యాప్ వేస్తే మంచిది అని.

యాప్ తర్వాత. ముందు ఫోన్ ఎవరిదో తేలాలి. అమ్మగారి ఫోనే పిల్లల ఫోన్ అయినంత కాలం ఏది పెట్టినా నిలవదు. అందులో ఉన్నది పెద్దవాళ్ల జీమెయిల్. చూస్తున్నది పెద్ద మనిషే అనుకుని యూట్యూబ్, ప్లేస్టోర్ అన్నీ తెరిచి పెడతాయి. పైగా పెన్షన్ ఓటీపీలూ ఫోన్‌పే కూడా అందులోనే.

కవిటి, సోంపేట, పలాస వైపు ఇలాంటి ఇళ్లే ఎక్కువ. తండ్రి చెన్నైలోనో హైదరాబాద్‌లోనో, తీరం ఊళ్లవాళ్లయితే గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీదో ఉంటారు. సాయంత్రం ఏం జరుగుతుందో చూడండి. ఆరున్నరకి స్కూల్ వాట్సాప్ గ్రూపులో బోర్డు ఫోటో పడుతుంది. లెక్కలు ఐదు, సోషల్ ప్రశ్నలు రెండు. గుంటడు ఫోటో పెద్దది చేసుకుని రెండు లైన్లు రాస్తాడు, స్క్రీన్ ఆరిపోతుంది, మళ్లీ తెరుస్తాడు. ఈసారి వేలు వాట్సాప్ మీద కాదు, యూట్యూబ్ మీద పడుతుంది. అక్కడి నుంచి షార్ట్స్. "ఏటి గుంటడా, ఇంకా అవనేదా?" అంటే "హోంవర్కే" అంటాడు, అది అబద్ధమని తేల్చే దారి ఆవిడకు లేదు. తొమ్మిదికల్లా ఆ రోజు డేటా ఖాళీ. వీడియో కాల్ చేసిన తండ్రికి కొడుకు మొహం గడులు గడులుగా కనిపిస్తుంది. "నెట్టు అయిపోనాది బాబూ" అంటుంది ఆవిడ. పన్నెండు దాటితే కొత్త డేటా వస్తుందని పిల్లలకు తెలుసు. తొమ్మిదో తరగతి పిల్లాడు దానికోసమే మేలుకుని ఉంటాడు.

అందుకని నా మాట: సిమ్ లేని పాత ఫోన్ ఒకటి పిల్లలకు కేటాయించండి. దానికి నెట్ అమ్మగారి ఫోన్ హాట్‌స్పాట్ (తన నెట్‌ను పక్క ఫోన్‌కు పంచే సదుపాయం) నుంచే రావాలి. ఆ హాట్‌స్పాట్ బటన్ ఎక్కడుందో, ఎలా ఆపాలో ఆవిడకు నేర్పండి. పై నుంచి కిందికి లాగితే కనిపించే గుర్తు ఒక్కటే, నేర్చుకోవడం కష్టమేమీ కాదు. అమ్మగారి ఫోన్‌కు పిల్లలకు తెలియని పిన్ పెట్టాలి, లేకపోతే ఆ బటన్ వాళ్లే నొక్కుకుంటారు. ఇక మీ చేతిలో ఉండాల్సింది గూగుల్ ఫ్యామిలీ లింక్, అంటే పిల్లల ఫోన్‌ను దూరం నుంచే అదుపు చేసే యాప్.

పాత ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేసి (ఉన్నదంతా చెరిపి కొత్తదానిలా చేసి), చిన్నవాడి పేరున, అసలు పుట్టిన తేదీతో కొత్త జీమెయిల్ తెరిచి, దాంతోనే మొదలుపెట్టండి. తేదీ దగ్గర 1995 అని వేస్తే ఈ పనంతా వృథా. ఇద్దరూ ఒకే ఫోన్ వాడుతుంటే చిన్నవాడి అకౌంటే ఉండనివ్వండి, పెద్దవాడు దానికి సర్దుకోవాలి. పెద్దవాడికి వేరే ఫోన్ ఉందంటే, 13 దాటినవాళ్ల అకౌంట్‌కు పర్యవేక్షణ పెట్టేటప్పుడు వాళ్ల పాస్‌వర్డ్ కొట్టాలి, వాళ్లు ఒప్పుకోవాలి. కొట్టి తిట్టి చేసే పని కాదది. సెలవులకు ఊరొచ్చినప్పుడు ఎదురుగా కూర్చోబెట్టుకుని చేయండి.

ఫ్యామిలీ లింక్‌లో రోజు పరిమితి బడి రోజుల్లో గంట, ఆదివారం రెండు గంటలు చాలు. డౌన్‌టైమ్, అంటే ఫోన్‌కు తాళం పడే వేళ, రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా. కొత్త యాప్ ఏదైనా మీరు ఒప్పుకుంటేనే దిగేలా, ప్లేస్టోర్ బయటి నుంచి తెచ్చిన యాప్ ఫైళ్లు ఇన్‌స్టాల్ కాకుండా పెట్టాలి. ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షను మాత్రం ఎప్పుడూ అనుమతించే వాటిలో వేయండి, పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్ పాఠాలు దాంట్లో తెరుచుకుంటాయి.

అందరూ జారిపోయేది యూట్యూబ్ దగ్గర. యాప్‌కు అరగంట పరిమితి పెట్టి హాయిగా ఉంటారు. అరగంట అయ్యాక పిల్లలు క్రోమ్ తెరిచి అదే యూట్యూబ్‌ను వెబ్‌సైట్‌గా చూస్తారు. యాప్ పరిమితి క్రోమ్‌కు వర్తించదు. ఫ్యామిలీ లింక్‌లోని క్రోమ్ సెట్టింగ్‌లో, బ్లాక్ చేసిన సైట్ల జాబితాలో యూట్యూబ్ చిరునామా విడిగా చేర్చాలి. యూట్యూబ్ యాప్‌లోనే ఉండే రిస్ట్రిక్టెడ్ మోడ్ (పెద్దల వీడియోలను దాచే సెట్టింగ్) మీద ఆధారపడకండి, పెద్దల అకౌంట్ ఉన్న ఫోన్‌లో దాన్ని ఎవరైనా తీసేయవచ్చు.

ఇంకో సంగతి. చెన్నై నుంచి మీరు మార్చిన పరిమితి ఆ ఫోన్‌కు నెట్ ఉన్నప్పుడే చేరుతుంది. హాట్‌స్పాట్ ఆపేసి ఉంటే పాతదే నడుస్తుంది. అవసరం పడి కాసేపు తెరవాలంటే మీ ఫ్యామిలీ లింక్‌లో పేరెంట్ యాక్సెస్ కోడ్ (పిల్లల ఫోన్ తాళం తీసే అంకెలు) ఉంటుంది, ఫోన్ చేసి అమ్మగారికి చెప్పండి. అది మారిపోతూ ఉంటుంది కనుక పిల్లలు విన్నా ఫర్వాలేదు. మీ జీమెయిల్ పాస్‌వర్డ్ మాత్రం ఎంత తొందరలో ఉన్నా చెప్పకండి.

అసభ్యమైన సైట్లకు వేరే తాళం ఉంది. ఆండ్రాయిడ్ 9 నుంచి సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ ఉంటుంది. డీఎన్ఎస్ అంటే ఏ సైట్ ఎక్కడుందో ఫోన్‌కు చెప్పే సేవ, చెడ్డ సైట్ల చిరునామా చెప్పని డీఎన్ఎస్ పెడితే అవి తెరుచుకోవు. అక్కడ ఫ్యామిలీ డాట్ క్లౌడ్‌ఫ్లేర్-డీఎన్ఎస్ డాట్ కామ్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. సిమ్ డేటా అయినా, వైఫై అయినా పనిచేస్తుంది. అమ్మగారి ఫోన్‌లోనూ పెట్టండి. తెలిసిన పిల్లలు దీన్ని తీసేస్తారు, కాబట్టి ఊరొచ్చినప్పుడల్లా చూసుకోవాలి. ఇంటికి ఫైబర్ కనెక్షన్ ఉంటే రౌటర్‌లోనే డీఎన్ఎస్ 1.1.1.3, 1.0.0.3 అని వేసి, రౌటర్ మీద అంటించిన అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చేయండి. రౌటర్‌లో ఫోన్ మ్యాక్ అడ్రస్ (వైఫైకి ఫోన్‌ను గుర్తుపట్టించే సంఖ్య) బ్లాక్ చేయమని కేబుల్ కుర్రాళ్లు సలహా ఇస్తారు, అది నిలవదు. ఆండ్రాయిడ్ 10 నుంచి వైఫై సెట్టింగ్‌లో మ్యాక్ మార్చుకునే వీలుంది, రౌటర్‌కు అది కొత్త ఫోన్‌లా కనిపిస్తుంది. దానికి బదులు, అనుమతించిన ఫోన్లు మాత్రమే కలిసేలా జాబితా పెట్టించండి.

ఇక బడి. ఇంట్లో ఇంత చేసినా సాయంత్రం ఆ వాట్సాప్ ఫోటో వస్తూనే ఉంటుంది, దానితో ఫోన్ పిల్లాడి చేతికి వెళ్తూనే ఉంటుంది. హోంవర్క్ డైరీలో రాయించడానికి క్లాసులో పది నిమిషాలు చాలవా? పిల్లలకు ఫోన్ ఇవ్వొద్దని పేరెంట్స్ మీటింగ్‌లో చెప్పే బడులే, ఆ సాయంత్రం హోంవర్క్ ఫోన్‌కే పంపుతున్నాయి. మీటింగ్‌కు అమ్మగారు వెళ్తే ఈ మాట అడగలేరు. మీరే హెడ్‌మాస్టర్‌గారికి ఫోన్ చేసి, మా పిల్లలకు హోంవర్క్ డైరీలో రాయించండి సార్ అని అడగండి. నలుగురు తల్లిదండ్రులు కలిసి అడిగితే కాదనడం కష్టం. క్లాసులో పెద్ద స్క్రీన్ మీద పాఠం చూపించే మాస్టార్లకూ ఒక విన్నపం: సొంత యూట్యూబ్ అకౌంట్‌తో తెరవకండి. మీరు రాత్రి చూసిన వీడియోల తాలూకు సిఫార్సులన్నీ పిల్లల ముందు వరుసగా పడతాయి. పాఠం వీడియో ముందే డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో తెస్తే ప్రకటనలూ రావు.

ఇంత చేసినా ఏదైనా జరిగితే: ఫోన్ మోసంలో డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. పిల్లల్ని ఎవరైనా ఫోటోలు పెట్టి బెదిరిస్తుంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చేయండి, సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. ఆ చాట్ చెరిపేయొద్దు, స్క్రీన్‌షాట్లు తీసి ఉంచమని పెద్దవాడికి ఇప్పుడే చెప్పండి. భయంతో పిల్లలు మొదట చేసేది చాట్ చెరిపేయడమే. ఫోన్ లాక్కుంటారన్న భయం ఉన్న ఇంట్లో ఆ మాట మీదాకా రాదు, కాబట్టి "ఏం జరిగినా ఫోన్ లాక్కోను, ముందు నాకు చెప్పు" అని కూడా చెప్పండి.