జోడీ కుదరని ఫెర్మీ వాయువును కృత్రిమ క్షేత్రంలో పెడితే ఏమవుతుంది?

ఫెర్మీ వాయువంటే, ఒకే స్థితిలో రెండు ఇమడలేని పరమాణువులను బాగా చల్లబరిచి చేసిన వాయువు. కృత్రిమ క్షేత్రమంటే ఇక్కడ దాన్ని గిరగిరా తిప్పడమే. జతకట్టిన పరమాణువులు ఆ క్షేత్రాన్ని సన్నని సుడులుగా మాత్రమే లోపలికి రానిస్తాయి. జత దొరకని మిగులు పరమాణువులు మామూలు ద్రవంలా ఆ తిప్పుడుతోపాటే తిరిగేస్తాయి.

ఈ వాయువులో ఒకే మూలకపు పరమాణువులు రెండు వేర్వేరు స్థితుల్లో, అంటే రెండు రకాలుగా ఉంటాయి, ఒక రకం ఎక్కువ. రకానికొకటి చొప్పున కలిసి జతకడతాయి, అందుకే కొన్ని మిగులుతాయి. జతలన్నీ కలిసి ఒకే తరంగంలా నడుస్తాయి, అదే సూపర్‌ఫ్లూయిడ్. ఆ తరంగం ఒక చుట్టు తిరిగొచ్చేసరికి తనతో తాను అతకాలి. కాబట్టి ఒక సుడి, రెండు సుడులు ఉంటాయి గానీ ఒకటిన్నర ఉండదు. మిగులువాటికి ఈ పట్టింపు లేదు. అవి అంచుకో, జతలు పలచబడే సుడి నడుమకో చేరతాయి. ట్యాంక్‌బండ్ మీద కోలాటంలో జోడీ దొరకనివాళ్లు పక్కకు జరిగినట్టే (పోలిక ఇంతవరకే పనికొస్తుంది).

2006లో అమెరికాలోని ఎంఐటీ బృందం లిథియం-6 వాయువును లేజర్‌తో కలియతిప్పింది. సంఖ్యలు సమానంగా లేకపోయినా సుడులు కనిపించాయి. తేడా మరీ పెరిగాక మాయమయ్యాయి, అంటే సూపర్‌ఫ్లూయిడే పోయింది.

చాలామంది కృత్రిమ క్షేత్రమంటే అయస్కాంతం అనుకుంటారు. కాదు, ఈ పరమాణువులకు విద్యుదావేశమే లేదు. తిప్పడం వల్ల వచ్చే కొరియోలిస్ బలం, ఆవేశం మీద అయస్కాంతబలం పనిచేసే తీరులోనే వాటిని పక్కకు నెడుతుంది. ల్యాబ్‌లో సుమారు 830 గాస్ అసలు అయస్కాంత క్షేత్రం కూడా ఉంటుంది, గందరగోళం అక్కడే. దాని పని వేరు: జతల పట్టు ఎంత బిగువుగా ఉండాలో సరిచేయడం.