ఆకు పోయింది, వేరు పోలేదు

ప్లేనో, టెక్సస్,
సెప్టెంబర్

చిరంజీవి కార్తీక్‌కు,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ఫొటోలు మీ అత్తయ్యా నేనూ పెద్దవి చేసి మరీ చూశాం. స్ప్రింక్లర్ ఏదో పనిచేయక గడ్డి ఎండిందని నువ్వు అనుకుంటున్నావు గానీ, నాకు అలా అనిపించడం లేదు. నీళ్లు చాలని గడ్డి ముందు నీలం తిరిగినట్టు పాలిపోతుంది, తొక్కితే అడుగుల గుర్తులు అలాగే ఉండిపోతాయి, ఆ తర్వాత ఎప్పటికో ఎండుతుంది. మీ ముందు లాన్ శుక్రవారం పచ్చగా ఉండి ఆదివారం సాయంత్రానికి గోధుమ రంగుకు వచ్చిందన్నావు. ఆ రంగు కాలిబాట వైపు నుంచి ఇంటి వైపుకు జరుగుతోందన్నావు. పైగా పొద్దున్నే నల్ల పిట్టలు గుంపుగా వాలి గడ్డిలో ఏదో ఏరుకుంటున్నాయని లహరి చెప్పింది. ఎండకాలం పోయి వానలు పడ్డాక ఇలా అయిందంటే అది ఆర్మీవార్మే, గుంపులుగా గడ్డిని తినే గొంగళిపురుగు.

అన్నిటికంటే ముందు ఒక్క మాట. ఉన్న గడ్డంతా తీసేసి కొత్తది పరుస్తానని లాన్ అతను కొటేషన్ ఇచ్చాడన్నావు. దానికి ఇప్పుడే ఒప్పుకోకు, అడ్వాన్స్ అసలే ఇవ్వకు. మీది బెర్ముడా రకం గడ్డి, పరిచి ఏడాది దాటింది. ఈ పురుగు ఆకును తింటుంది గానీ వేరు జోలికి పోదు. కావాలంటే ఇప్పుడే బయటికి వెళ్లి ఎండినచోట ఒక గుప్పెడు గడ్డి పట్టుకుని లాగి చూడు. గట్టిగా పట్టుకుని ఉంటే వేరు బాగుంది, రెండు మూడు వారాల్లో మళ్లీ చిగురిస్తుంది. అలా కాకుండా చాప చుట్టినట్టు గడ్డి మొత్తం పైకి లేచి వస్తే అది వేరుపురుగు, దాని వైద్యం వేరు. కొత్తగా పరిచిన గడ్డి అయినా, ఉత్తరాది రాష్ట్రాల్లో వేసే ఫెస్క్యూ రకం గడ్డి అయినా నేను ఇంత ధైర్యంగా చెప్పేవాణ్ని కాదు, అవి తేరుకోవడం కష్టం.

పురుగు ఉందో లేదో ఊహించుకుంటూ కూర్చోవద్దు, సబ్బు నీళ్లు పోసి చూడు. ఒక గ్యాలన్ నీళ్లలో రెండు టేబుల్ స్పూన్లు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, పచ్చగడ్డీ ఎండుగడ్డీ కలిసే అంచు దగ్గర ఒక చదరపు గజం మేర నెమ్మదిగా పొయ్యి. పూర్తిగా ఎండిపోయిన నడిమధ్యలో పోస్తే ఏమీ కనబడదు, అక్కడ తినడం అయిపోయి పురుగు ముందుకు వెళ్లిపోయి ఉంటుంది. పోశాక కదలకుండా ఐదు నిమిషాలు నిలబడు. ముందు గడ్డి మొదళ్లలో ఏదో కదిలినట్టు ఉంటుంది, తర్వాత ఒక్కొక్కటే మెలికలు తిరుగుతూ పైకి వస్తాయి. ఒకదాన్ని తీసి అరచేతిలో పెట్టుకుని చూడు, కుట్టదులే. తల ముందు భాగంలో ఇంగ్లీషు వై అక్షరం తలకిందులుగా తెల్లగా కనిపిస్తుంది. తోక దగ్గర నాలుగు నల్ల చుక్కలు చతురస్రంగా ఉంటాయి. ఈ రెండూ ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. చదరపు అడుగుకు మూడు గానీ అంతకు మించి గానీ తేలితే మందు కొట్టాల్సిందే. గజం మొత్తం మీద ఒకటో రెండో అయితే పిట్టలకే వదిలెయ్.

మన ఊళ్లో మొక్కజొన్న సుడిలో దూరి రైతుల్ని ఏడిపించే కత్తెర పురుగు ఇదేరా. పుట్టిల్లు ఈ అమెరికా ఖండాలే. 2016లో ఆఫ్రికాలో బయటపడి, 2018లో కర్ణాటకలో కనిపించి, అదే ఏడాది మన తెలుగు రాష్ట్రాల మొక్కజొన్న చేలల్లోకి వచ్చింది. అందుకే ఈ సంగతి ఊరికి ఫోన్ చేసి చెబితే, మీ నాన్న తవుడు, బెల్లం, మందు కలిపి విషపు ఎర చెయ్యమంటాడు. చేలో అది సరైన పద్ధతే. కానీ చంటిది పాకే పెరట్లో, పక్కింటి కుక్క తిరిగే చోట బెల్లం కలిపిన విషం పెట్టడానికి వీల్లేదు. వేపనూనె కూడా చాలామంది చెబుతారు. చిన్న పురుగు మీద కొంత పనిచేస్తుంది గానీ, లాన్ గజాల లెక్కన పోతున్నప్పుడు దాన్ని నమ్ముకుని కూర్చోలేం.

ఏ మందు కొనాలన్నది పురుగు సైజును బట్టి ఉంటుంది. గుడ్డు పగిలాక రెండు మూడు వారాలు ఇది తింటూనే ఉంటుంది గానీ, మొదటి రోజుల్లో తినేది చాలా తక్కువ, ఆకు అడుగున పచ్చదనం గీకి పైపొర అద్దంలా వదిలేస్తుంది. అసలు నష్టమంతా చివరి కొద్ది రోజుల్లోనే. అప్పటికి అంగుళంన్నర పొడవుంటుంది, రాత్రికి రాత్రి లాన్ ఊడ్చేస్తుంది. అర అంగుళం లోపు ఉంటే బీటీ అనే బాక్టీరియా మందు చాలు, అది గొంగళిపురుగుల్ని తప్ప వేరే దేన్నీ ఏమీ చెయ్యదు. కాస్త పెద్దవైతే స్పినోసాడ్ అనే మందు. నువ్వు చెబుతున్న వేగాన్ని బట్టి మీ లాన్‌లో ఉన్నవి పెద్దవే, వాటికి బైఫెంత్రిన్ లాంటి గట్టి మందు కావాలి. హోమ్ డిపోలోనో లోస్‌లోనో, అలాంటి దుకాణంలో డబ్బా ముందువైపు బొమ్మ చూసి కొనొద్దు, వెనక యాక్టివ్ ఇంగ్రీడియంట్ అని ఉన్నచోట ఈ పేరు ఉందా, లాన్‌లో ఆర్మీవార్మ్‌కు వాడొచ్చని రాసి ఉందా చూడు. గొట్టానికి తగిలించి కొట్టే ద్రవం తీసుకో. గుళికలు తర్వాత నీళ్లు పెడితే గానీ పనిచేయవు, ఇప్పుడు నీకు అంత టైమ్ లేదు.

అంగుళంన్నర దాటి బాగా బలిసినవే కనిపిస్తే మాత్రం ఆగు. అవి ఒకటి రెండు రోజుల్లో తినడం మానేసి మట్టిలోకి దిగిపోతాయి. అప్పుడు మందు కొట్టడం డబ్బు దండగ.

కొట్టేది సాయంత్రం పూట. పగటి ఎండకు పురుగు గడ్డి మొదట్లో దాక్కుంటుంది, చల్లబడ్డాక పైకి వచ్చి తింటుంది, కాబట్టి ఎండ దిగాక కొడితే దాని తిండి మీదే మందు పడుతుంది. ఉదయం గడ్డి కోసి, నీళ్లు పెట్టి, ఆకు ఆరాక కొట్టు. తర్వాత రెండు మూడు రోజులు కోతా వద్దు, స్ప్రింక్లరూ వద్దు, టైమర్ ఆపడం మర్చిపోకు. వాన ఉందేమో ఫోన్‌లో చూసుకో. బైఫెంత్రిన్ చేపలకు విషం, మీ వీధి కాలువ నీళ్లు చివరికి చెరువులోకే పోతాయి, అందుకని డ్రైవ్‌వే మీదా గట్టర్‌లోనూ చుక్క పడనివ్వకు. తేనెటీగలకీ విషమే, లాన్‌లో క్లోవర్ పూలుంటే ముందే కోసెయ్. పూర్తిగా ఆరేదాకా పాపని బయటికి తేవద్దు. డబ్బా మీద రాసిన మోతాదు దాటి పోయడం ఇక్కడ చట్టరీత్యా తప్పు. పెద్ద లాన్ కదా అని రెట్టింపు కలిపేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

పురుగు పోయాక గడ్డిని చూసుకోవాలి. మీ సిటీ ఇచ్చిన రోజుల్లోనే, అయితే ఆ రోజుల్లో లోతుగా తడిసేలా నీళ్లు పెట్టు. నత్రజని ఎరువు కొద్దిగా వెయ్యి, అదీ ఈ నెలలోనే. ఇక్కడ మొదటి మంచు మామూలుగా నవంబర్ మూడో వారం ప్రాంతంలో పడుతుంది, దానికి ఆరు వారాల ముందే ఎరువు ఆపేయాలి. లేకపోతే లేత చిగురు చలికి మాడిపోతుంది.

ఇంకొకటి, ఇది ఒక విడతతో పోదు. మట్టిలోకి దిగింది వారం పది రోజుల్లో రెక్కలొచ్చి తల్లి పురుగై లేస్తుంది, గుడ్డు నుంచి మళ్లీ తల్లి పురుగయ్యే దాకా ఈ వేడికి నెల చాలు. అందుకని రెండు వారాల తర్వాత మళ్లీ సబ్బు నీళ్లు పోసి చూడాలి. ఈలోగా వరండా లైటు కింద, కిటికీ చట్రాల మీద, గ్యారేజీ గోడ మీద, ఫెన్సు మీద చూస్తూ ఉండు. లేతరంగు గోడలంటే దీనికి ఇష్టం. బూజు అంటుకున్నట్టు బూడిదరంగు నూగుతో చిన్న మచ్చ కనిపిస్తే అది గుడ్ల కుప్ప, వంద దాకా, ఒక్కోసారి అంతకు మించి ఉంటాయి. పాత కార్డుతో గీకి సబ్బు నీళ్ల డబ్బాలో వెయ్యి. రాత్రి అనవసరపు లైట్లు ఆపేస్తే ఇంకా మంచిది.

చలికాలం ఇది ఈ ఉత్తర టెక్సస్‌లో బతకదు. మంచు పడితే చస్తుంది, మళ్లీ ఏటా దక్షిణ టెక్సస్ నుంచి, మెక్సికో నుంచి గాలివాటంగా ఎగిరి రావాల్సిందే. కాబట్టి ఆర్మీవార్మ్ పేరు చెప్పి ఏడాది పొడవునా స్ప్రే కాంట్రాక్టు రాయించుకునేవాళ్లు వస్తే దండం పెట్టి పంపించెయ్. వచ్చే ఏడాది ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా, ముఖ్యంగా మంచి వాన పడ్డ వారం తర్వాత, కళ్లు పెట్టి చూస్తే చాలు. ముందుగానే రక్షణ కావాలనుకుంటే క్లోరాంట్రానిలిప్రోల్ అనే మందు ఉంది, కొన్ని వారాలు కాపాడుతుంది, తేనెటీగలకు హాని తక్కువ. ధర ఎక్కువే. మీ ఒక్క లాన్‌కు అంత అవసరమని నేననుకోను. ఏ సందేహం వచ్చినా టెక్సస్ ఎ అండ్ ఎం యూనివర్సిటీ వ్యవసాయ సలహా విభాగం, అదే అగ్రిలైఫ్ ఎక్స్‌టెన్షన్ వాళ్ల కౌంటీ ఆఫీసుకు ఫోన్ చెయ్. అమ్ముకునేవాళ్ల మాట కన్నా వాళ్ల మాట నమ్మదగింది.

లాన్ బాగోలేదని హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నుంచి లెటర్ వస్తే టెన్షన్ పడకు. సబ్బు నీళ్లకు తేలిన పురుగుల ఫొటో, మందు రసీదు, కొట్టిన తేదీ జతచేసి, గడ్డి తేరుకోవడానికి గడువు కావాలని మర్యాదగా మెయిల్ పెట్టు. ఇక పక్కింటివాళ్లకీ ఎదురింటివాళ్లకీ ఈ సాయంత్రమే చెప్పు. నీ లాన్ అయిపోతే పురుగు వెళ్లేది వాళ్ల లాన్‌లోకే, వాళ్లింట్లో పెరిగిన తల్లి పురుగు గుడ్లు పెట్టేది మళ్లీ మీ గోడ మీదే. సబ్బు నీళ్లు ఎలా పోయాలో వాళ్ల ముందే ఒకసారి పోసి చూపించు.

మా స్ప్రేయర్ ఖాళీగానే ఉంది. కావాలంటే రేపు ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు ఇటు వచ్చి పట్టుకెళ్లు, భోజనం కూడా ఇక్కడే చేసి వెళ్దువు గాని.

మీ మామయ్య