ఈశాన్యపు మూలకు తగిన మొక్కలు

పర్లాకిమిడి

చి॥ సౌ॥ అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

రాయగడ ఇంటి పెరట్లో ఈశాన్యపు మూలన, నూతికీ పనసచెట్టుకూ నడుమ ఉన్న జాగాలో ఏమి నాటినా నిలవడం లేదని వ్రాశావు. గులాబీ ఆకు రాల్చిందనీ, మల్లె మొగ్గ తొడగలేదనీ, తులసి వేరు కుళ్ళి వాలిపోయిందనీ చదివాక, లోపం నీ పెంపకంలో లేదని తెలిసింది. ఆ మూడూ ఎండను కోరేవి; అక్కడ లేనిదే ఎండ. వాస్తు పేరు చెప్పి తులసికోటను ఈశాన్యంలోనే ఉంచాలనేవారు ఉంటారు గాని, తులసికి కావలసినది మంచి ఎండ, నీరు నిలవని నేల. కోటను తూర్పు వాకిట్లోకి మార్చు. పూజకు లోటేమీ రాదు.

మొక్కలు కొనబోయే ముందు ఆ నేల ఉత్త చెమ్మ నేలా, నీరు నిలిచే నేలా అన్నది తేల్చుకో. అడుగు లోతున గుంట తవ్వి నీటితో నింపు. అది ఇంకిన తరువాత మరొకసారి నింపి చూడు. రెండవసారి పోసిన నీరు కొన్ని గంటల్లో ఇంకిపోతే నీకు చాలా మొక్కలు కలిసివస్తాయి. మరునాటి ఉదయానికి కూడా గుంటలోనే ఉంటే చేమ, వస వంటి కొద్దిపాటి మొక్కలకే అది తగిన చోటు.

నీడ సంగతి అంతకంటె జాగ్రత్తగా చూడవలసినది. మన ప్రాంతం కర్కటరేఖకు దక్షిణాన ఉన్నది కనుక, రాయగడలో మే మూడవ వారం మొదలు జూలై నాలుగవ వారం వరకు మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తిని దాటి కొద్దిగా ఉత్తరానికి ఒరుగుతాడు. మిగిలిన కాలమంతా చల్లగా ఉండే ఉత్తరపు గోడ మొదలుకు ఆ రోజుల్లోనే మిట్టమధ్యాహ్నపు ఎండ తగులుతుంది. జూన్‌లో మబ్బులు వేళకు కమ్ముకుంటే చింత లేదు. వానలు వెనకబడిన ఏడు మాత్రం, శీతకాలంలో చూసి పూర్తి నీడ అనుకుని గోడవారగా పెట్టిన ఫెర్న్ మొక్కల లేత ఆకులు మాడిపోతాయి. అందువల్ల ఫెర్న్‌లను పనస కొమ్మల కిందకు చేర్చి, గోడవారను పసుపుకూ అల్లానికీ విడిచిపెట్టు.

ఆ మూలకు మొదట నేను చెప్పేవి ఈ దుంపజాతులే. పసుపు, అల్లం, మామిడి అల్లం మూడూ కొద్దిపాటి నీడను ఇష్టంగా ఓర్చుకుంటాయి. మీ పక్కనున్న కొరాపుట్ జిల్లా పొట్టంగిలో ఉన్న వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి రోమా, సురోమా అనే పసుపు రకాలూ, సుప్రభ, సురుచి అనే అల్లం రకాలూ వచ్చాయి. దొరికితే అవి తీసుకో, దొరకకపోతే సంతలో ముడుత లేని, మొలక కన్నున్న దుంప ఏరుకున్నా సరిపోతుంది. అల్లానికి నీడ శత్రువు కాదు, నిలువ నీరే శత్రువు. నీరు నిలిస్తే దుంపకుళ్ళు తెగులు సోకి మొక్క మొదలు మెత్తబడి, పట్టి లాగితే చేతిలోకి వచ్చేస్తుంది. కనుక జానెడు ఎత్తు మట్టి కట్ట పోసి, విత్తనపు దుంపలను లీటరు నీటికి 3 గ్రాముల మాంకోజెబ్ అనే బూజు తెగులు మందు కలిపిన ద్రావణంలో అరగంట నానబెట్టి, నీడలో ఆరనిచ్చి, 20 నుంచి 25 సెంటీమీటర్ల ఎడంతో తొలకరి జల్లులకు నాటు. పనస కింద చిక్కటి నీడలో ఇవి ఆకు బాగానే వేసినా దుంప సన్నగానే ఊరుతుందని ముందే తెలుసుకొని ఉండు.

నూతి గట్టు నీరు పారే చోట చేమ వెయ్యి. దాని ఆకులోనూ దుంపలోనూ ఉండే కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాల వల్లనే దురద పుడుతుంది. చింతపండు పులుసులో బాగా ఉడికిస్తే అది తగ్గుతుందని నీకు చెప్పనక్కరలేదు. తమలపాకు తీగను పనస మానుకే పాకించవచ్చు: నాలుగైదు కణుపుల ముక్కను, రెండు కణుపులు మట్టిలో ఉండేటట్లు చిన్న మెట్ట మీద నాటితే వేరు త్వరగా పడుతుంది. మెట్ట కోసం పనస వేళ్ళు నరకవద్దు. మాను మొదట్లో మట్టి కుప్పగా పోయనూ వద్దు. పుదీనా కూడా అక్కడ బతుకుతుంది, కాకపోతే కుండీలో ఉంచు, లేకుంటే నేలంతా అదే అల్లుకుంటుంది.

పువ్వు కావాలంటే దోలన్ చంపా అనే తెల్లని సువాసన పువ్వును ఎంచుకో. అదీ అల్లం కుటుంబంలోనిదే, తడి నేలే దానికి ఇష్టం, సాయంత్రం పూట వాసన వాకిలి దాకా వస్తుంది. మన కొండల్లో వానాకాలంలో పూసే చెంగల్వ కోష్టు కూడా బాగుంటుంది. రంగు ఆకుల కోసం కెలాడియం పెట్టుకోవచ్చు. చలికాలానికి దాని ఆకు పూర్తిగా ఎండిపోతుంది, దుంప మాత్రం నేలలో బతికే ఉంటుంది కనుక చచ్చిందనుకొని పెకలించవద్దు. పసుపు కూడా ఆ రోజుల్లోనే ఎండుతుంది గనుక మూల బోసిపోకుండా నడుమ నడుమ సింగోనియం, ఆగ్లోనీమా ఉంచు. పాకే పిల్లవాడు ఇంట్లో ఉన్నాడు. కెలాడియం, డిఫెన్‌బాకియా, సింగోనియం ఏదైనా నమిలితే నోరు మంట పుట్టి వాస్తుంది కాబట్టి అవి వాడికి అందని చోట ఉండాలి. డిఫెన్‌బాకియా అసలే వద్దని నా మాట.

రాలిన పనస ఆకులను ఊడ్చి పారవేయక మొక్కల నడుమ పరిస్తే చెమ్మ నిలుస్తుంది. కాండానికి మాత్రం తగలనీయకు. నత్తలు తప్పక వస్తాయి. మందుల కంటె, చీకటి పడ్డాక దీపం పట్టుకొని ఏరి ఉప్పునీటి బకెట్లో వేయడమే మేలు, ఆ ఉప్పునీటిని మట్టిలో పోయకు. కుండీల కింద పళ్ళాలు పెట్టవద్దు. మలేరియా ఉన్న జిల్లా మనది.

రథయాత్ర లోపల నాటడం ముగించాలి. మీ పెదనాన్న వచ్చే వారం అటు వస్తున్నారు, మామిడి అల్లం దుంపలు ఆయన చేత పంపుతున్నాను. గుంటలో నీరు ఎంతసేపటికి ఇంకిందో వ్రాస్తే చేమ పిలకలు కూడా పంపాలో వద్దో నిర్ణయిస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ