వాళ్లు ఏం తిన్నారో రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

ఆదర్శ సమాజాల మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. కష్టపడ్డావని తెలుస్తోంది. ప్లేటో, 1516లో 'యుటోపియా' రాసిన థామస్ మోర్, అమెరికాలో రాబర్ట్ ఓవెన్ గారి న్యూ హార్మనీ, అక్కడిదే ఒనైడా సమాజం, ఇజ్రాయెల్ కిబుట్జ్‌లు, ఆరోవిల్... ఎవర్నీ వదిలిపెట్టలేదు. కానీ తల్లీ, ఇంతమందిలో ఒక్కరూ అన్నం తినరేం? గిన్నెలు కడగరు, బట్టలు ఉతకరు, ఎంతసేపూ ఉపన్యాసాలే. పెళ్లికి వచ్చినవాళ్ల పేర్లు మైకులో చదివినట్టుంది గానీ పెళ్లి మాత్రం కనపడలేదు.

ఒక్కదాన్ని పట్టుకో. నన్నడిగితే ఫ్రూట్‌లాండ్స్. "1843లో మొదలై ఏడు నెలల్లో విఫలమైంది" అని ఒక్క వాక్యంతో దాటేశావు. ఆ ఏడు నెలల్లోనే పుస్తకానికి సరిపడా సరుకుంది.

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం, హార్వర్డ్ అనే పల్లె (యూనివర్సిటీ ఉన్నది ఇక్కడ కాదు, ఆ పొరపాటు చాలామంది చేస్తారు). అక్కడ 90 ఎకరాల పొలం. 1,800 డాలర్లు పెట్టి కొన్నవాడు ఇంగ్లండ్ నుంచి వచ్చిన చార్లెస్ లేన్. ఆదర్శం బ్రాన్సన్ ఆల్కాట్‌ది. బోస్టన్‌లో కొత్తరకం బడి పెట్టి, నడపలేక మూసేసిన పంతులాయన. జూన్‌లో భార్య అబిగేల్‌ని, నలుగురు ఆడపిల్లల్ని తీసుకుని అక్కడ దిగాడు. పేరులో పండ్లున్నాయి గానీ, ఆ పొలంలో ఉన్నవి ఓ పది ముసలి ఆపిల్ చెట్లు.

మాంసం లేదు, పాలు లేవు, గుడ్లు లేవు, టీ కాఫీలు అసలే లేవు. పశువులతో పని చేయించకూడదు, పొలానికి పశువుల ఎరువు వేయకూడదు. ఉన్ని గొర్రె సొత్తు కాబట్టి కట్టుకోకూడదు. నూలు బానిసలు పండించింది కాబట్టి అదీ కూడదు. ఇక మిగిలింది లినెన్, అంటే అవిసె నారతో నేసిన బట్ట. మంచు కురిసే చోట లినెన్ అంగీలు!

ఇక్కడ నీకు నవ్వొస్తుంది. వ్యాసంలో మాత్రం తొందరపడి నవ్వకు. ఆ రోజుల్లో అమెరికాలో పాతిక లక్షల మంది బానిసలుగా ఉన్నారు. పత్తిలో, పంచదారలో వాళ్ల రక్తం ఉందన్నది ఉట్టి మాట కాదు. ఆ నియమం వెనకున్న కోపం పాఠకుడికి ముందు తెలియాలి. ఆ తర్వాత పారతో దున్నబోయి చేతులు బొబ్బలెక్కిన సంగతి చెప్పు. చివరికి జోసెఫ్ పామర్ అనే రైతు ఎద్దునీ ఆవునీ కాడికి కట్టి తోలుకొస్తే ఎవరూ కాదనలేకపోయిన సంగతీ చెప్పు. ఆ వరసలో వస్తే నవ్వు దానంతటదే వస్తుంది, వెక్కిరింపు కాకుండా ఉంటుంది.

నీకు దొరికే అసలు సాక్షి ఒక పదేళ్ల పిల్ల. ఆల్కాట్ రెండో కూతురు లూయిసా. తర్వాత 'లిటిల్ విమెన్' నవల రాసింది ఈవిడే. ఆ పిల్ల డైరీలో కొన్ని పేజీలు మిగిలాయి. అయిదింటికి లేవడం, చన్నీళ్ల స్నానం, లేన్ గారి దగ్గర పాట పాఠం, టిఫినయ్యాక గిన్నెలు కడిగి కొండ మీదికి పరుగు. డిసెంబర్‌కి వచ్చేసరికి, అమ్మా నాన్నా అక్కా తనూ కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నారనీ, అందరం ఏడ్చామనీ, మమ్మల్ని కలిపే ఉంచమని దేవుణ్ణి వేడుకున్నాననీ రాసుకుంది. ఆ రెండు పేజీలు పక్కపక్కన పెట్టు చాలు. మధ్యలో నీ వ్యాఖ్యానం పెట్టకు.

ముప్ఫై ఏళ్ల తర్వాత, 1873లో, అదే కథని ఆవిడ పేర్లు మార్చి వ్యంగ్యంగా రాసింది. కోతలవేళకి మగవాళ్లు ఏదో పిలుపు అందుకుని వెళ్లిపోతే, ముంచుకొస్తున్న వానకి భయపడి తల్లీ పిల్లలూ బుట్టల్లో, దుప్పట్లలో బార్లీ మోసి ఇల్లు చేర్చిన ఘట్టం అందులోదే. ఇక్కడ పనిచేసే పశువులున్నాయా అని ఎవరో అడిగితే, ఉంది, ఒకే ఒక ఆడది అన్న జవాబూ అక్కడిదే. ఆ మాట వాడుకోవాలని నీకు చెయ్యి దురదపెడుతుంది. వాడుకో, తప్పులేదు. కాకపోతే అబిగేల్ అన్నదని రాయకు, కూతురు రాసిన కథలో ఉందని రాయి. డైరీకీ కథకీ తేడా చూపించకపోతే రెండూ పాడవుతాయి.

ఎందుకు చెదిరిపోయిందో కూడా చలి, ఆకలి అని తేల్చేయకు. లేన్ దృష్టిలో భార్యాభర్తల బంధమే ఆదర్శానికి అడ్డం. అబిగేల్‌కి పిల్లలే ముఖ్యం. ఆల్కాట్ మధ్యలో నలిగాడు. 1844 జనవరికల్లా లేన్ తన కొడుకుని తీసుకుని, బ్రహ్మచర్యం పాటించే షేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు. ఆల్కాట్ కుటుంబం దగ్గర్లోనే వేరే ఇంట్లో తలదాచుకుంది. కుటుంబం ఉండాలా వద్దా అన్న తగువు మిగతా చోట్లా కనిపిస్తుంది. ఒనైడాలో అయితే, బొమ్మల మీద మమకారం మంచిది కాదని పెద్దలు అంటే ఆడపిల్లలు తమ బొమ్మల్ని తామే తీసుకెళ్లి పొయ్యిలో వేశారు. దాన్ని మాత్రం ఈ వ్యాసంలోకి లాక్కురాకు, విడిగా రాయొచ్చు.

ఇందాక చెప్పిన పామర్‌ని వదలకు. గడ్డం పెంచడం నలుగురికీ నచ్చని రోజుల్లో గడ్డం పెంచాడు. పట్టుకుని బలవంతంగా గీయబోయినవాళ్లని ఎదిరించాడు. అందుకు వేసిన జరిమానా కట్టనని మొండికేసి ఏడాది పైగా జైల్లో ఉన్నాడు. ఆ పొలం తర్వాత ఆయన చేతికే వచ్చింది. గడ్డం పెంచినందుకు హింసలు పడ్డవాడని ఆయన సమాధి రాయి మీద చెక్కించారు. ముందు ఈయన మీద రెండు పేజీలు రాసి పంపు. సిద్ధాంతాలొద్దు. ఎద్దు, ఆవు, కాడి, ఆ గడ్డం, అంతే. మిగతాది అది చూశాక మాట్లాడుకుందాం.